జగదల్‌పూర్ సంతలో ఖుక్రీ

ఇంద్రావతీ తీరాన వెలసిన జగదల్‌పూర్‌కు ఆదివారం సంత రోజు. పొద్దు పొడవక మునుపే చుట్టుపక్కల పల్లెల నుండి మురియాలు, హల్బాలు, భత్రాలు, ధుర్వాలు కావళ్లతో, తట్టలతో పట్టణం చేరుకుంటారు. చింతపండు, ఇప్పపువ్వు, లక్క, ఎర్రచీమల పచ్చడి ఒకవైపు. ఉప్పు, నూనె, బట్టలు మరొకవైపు. ఈ రెంటి నడుమ గోనెపట్టాలు పరచుకొని కూర్చునే కమ్మరుల వరుస ఒకటి ఉంటుంది. గొడ్డళ్లు, కొడవళ్లు, నాగటి కర్రులు, బాణపు ములుకులు వారి సరుకు. ఎవరి సరుకుపైనా పేరు చెక్కి ఉండదు. కొనేవాడు గొడ్డలిని చేత్తో ఎత్తి బరువు చూస్తాడు, గోటితో మీటి చప్పుడు వింటాడు, బొటనవేలితో అంచును అడ్డంగా తడిమి చూస్తాడు. బేరం ఆ తరువాతి మాట.

2023వ సంవత్సరపు వానకాలంలో ఒక ఆదివారం నాడు ఈ వరుసకు ఒక కొత్త వస్తువు వచ్చింది. అది అమ్మకానికి వచ్చినది కాదు, మరమ్మతుకు వచ్చినది. గేదెతోలు కప్పిన చెక్క ఒరలో లోపలికి వంగిన అలుగు గల కత్తి. నేపాలీయులు ఖుకురీ అని, మనవారు ఖుక్రీ అని పిలిచేది. దానిని తెచ్చిన వ్యక్తి విజయనగరం జిల్లా నుండి ఉద్యోగరీత్యా వచ్చి జగదల్‌పూర్‌లోనే స్థిరపడిన విశ్రాంత రైల్వే ఉద్యోగి. ఆ కత్తి ఆయన చేతికి చేరిన తీరు, సంతలో దానికి జరిగిన వైద్యం చెప్పుకోదగిన విషయాలు.

పదవీ విరమణ అనంతరం 2018లో ఆయన సతీసమేతంగా పశుపతినాథుని దర్శనానికి ఖాట్మండు వెళ్లారు. తిరుగు ప్రయాణానికి ముందునాడు బజారులో ఒక కత్తుల దుకాణం ముందు ఆగారు. అద్దంలా మెరిసే అలుగులు, ఇత్తడి సింహపు తలల పిడులు, ఎర్ర మఖమలు ఒరలు గోడ నిండా వేలాడుతున్నాయి. దుకాణదారు హిందీలో వేసిన తొలి ప్రశ్న, “గోడకా, చేతికా?” అని. చేతికే అనడంతో అతడు గోడ వైపు చూడనైనా చూడక, బల్ల కింది నుండి నూనెగుడ్డలో చుట్టిన నాలుగు కత్తులను తీసి ముందు పెట్టాడు. వాటికి మెరుపు లేదు. సమ్మెట దెబ్బల జాడలు వెన్ను మీద ఇంకా కనిపిస్తున్నాయి.

పనికి వచ్చే ఖుక్రీని ఎంచుకొనే పద్ధతిని అతడు ఓపికగా వివరించాడు. బరువంతా అలుగు ముందు భాగంలో ఉండాలి. అప్పుడే దెబ్బకు చేతిబలంతో పాటు కత్తి బరువు కూడా తోడవుతుంది. వెన్ను మందంగా ఉండి అంచు వైపునకు క్రమంగా పలచబడాలి. పిడికి కొమ్ము అందంగా ఉంటుంది గాని తడిచేతిలో జారుతుంది. పెరటి పనికి కర్ర పిడి మేలు. అలుగు తోక పిడిలో ఎంత లోతుకు దిగిందో, లక్కతో ఎంత గట్టిగా అతికారో చూడాలి. ఒరలో పెద్ద కత్తితో పాటు మరి రెండు చిన్నవి ఉంటాయి. ఒకటి కర్దా, చిన్న పనులకు వాడే చాకు. మరొకటి చక్‌మక్, పదును లేని ఉక్కు ముక్క; అంచును సరిచేయడానికి, చెకుముకి రాతి నుండి నిప్పు పుట్టించడానికి పనికివస్తుంది.

రైల్వే కొలువులో నియమాలతో జీవితం గడిపిన ఆ మనిషి జేబులోని టేపు తీసి అలుగు పొడవు కొలిచారు. దుకాణదారు నవ్వాడు. కాని అది ఊరకే కొలిచినది కాదు. మన దేశపు 1959 నాటి ఆయుధ చట్టం కింద 1962లో రూపొందిన నియమావళి ఖుక్రీని పేరు పెట్టి మరీ పేర్కొన్నది. 9 అంగుళాలకు మించిన పొడవు గాని, 2 అంగుళాలకు మించిన వెడల్పు గాని గల అలుగులను ఆయుధాల జాబితాలో చేర్చి, గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక ప్రయోజనాలకు ఉద్దేశించిన వాటిని అందులో నుండి మినహాయించింది. శాసనకర్తల దృష్టిలో కూడా కత్తికి రెండు జీవితాలున్నాయన్న మాట. ఆయన 9 అంగుళాల లోపుదే ఎంచుకొని, పెట్టె అడుగున బట్టల నడుమ భద్రపరచి, రక్సౌల్ మీదుగా రైలులో ఇల్లు చేర్చారు.

ఖుక్రీని గురించి లోకంలో ప్రచారంలో ఉన్నది దాని మొదటి జీవితమే. 1814లో డెహ్రాడూన్ సమీపాన నాలాపానీ కోట వద్ద బలభద్ర కున్వర్ నాయకత్వంలో గోర్ఖాలు చూపిన పరాక్రమం ఈస్టిండియా కంపెనీ సేనలను విస్మయపరచింది. ఆ యుద్ధం ముగియక ముందే, 1815లో, గోర్ఖా దళాలను కంపెనీ తన కొలువులో చేర్చుకొనసాగింది. నాటి నుండి ఖుక్రీ ఆ పటాలాలకు చిహ్నమైనది. ఒరలోంచి దూస్తే నెత్తురు చూడనిదే తిరిగి ఒరలో చేరదన్న కథ కూడా ఆ కీర్తితో పాటే వ్యాపించింది. ఆ కథే నిజమైతే నేపాల్ కొండలలో పొయ్యిలోకి కట్టెలు కొట్టేవారు ఉండరు. అక్కడి రైతుకు ఖుక్రీ అంటే మన కోస్తా రైతుకు మచ్చుకత్తి వంటిది. పశువుల మేతకు కొమ్మలు నరకడం, వెదురు చీల్చడం, కూరలు తరగడం, దశయిం పండుగకు మేకను కోయడం అన్నీ దానితోనే.

జగదల్‌పూర్‌లోని ఆయన ఇంటి వెనుక కొంత ఖాళీ స్థలం ఉంది. వానలు పడగానే కంపచెట్లు ఒత్తుగా అల్లుకుంటాయి. ఏటా వెదురు దడి కట్టుకోక తప్పదు. ఖుక్రీ ఆ పనులన్నిటికీ వచ్చింది. మొదట చేయి అలవాటు పడలేదు. గొడ్డలిలా భుజం నుండి ఎత్తి వేస్తే దెబ్బ గురి తప్పేది. మోచేతిని, మణికట్టును మాత్రమే కదలించి, బరువును దాని దారిన వదలాలని కొద్దికాలానికి తెలిసింది. వెదురును కణుపు మీద కాక రెండు కణుపుల నడుమ ఏటవాలుగా కొట్టాలి. దెబ్బ తప్పితే కత్తి ఎటు పోతుందో ముందే చూసుకొని కాళ్లు ఎడంగా ఉంచి నిలబడాలి. కత్తి దూసేటప్పుడు ఒరను వెన్ను వైపు నుండి పట్టుకోవాలే గాని, అంచు వైపు వేళ్లు చుట్టరాదు. పాత ఒర కుట్టు తెగి ఉంటే అలుగు నేరుగా వేళ్ల మీదికి వస్తుంది. బస్తరు వానకాలపు చెమ్మలో తోలు ఒరలోనే వదిలేస్తే వారంలో తుప్పు పడుతుంది. అందువల్ల పని కాగానే తుడిచి, ఆవనూనె రాసి, ఒరను విడిగా ఆరబెట్టేవారు.

ఐదేళ్లు ఆ విధంగా గడిచిన తరువాత, పాత దడి గుంజను నరుకుతుండగా కర్రలో పూడుకుపోయిన మేకుకు కత్తి తగిలింది. అంచులో పెసరగింజంత ముక్క లేచిపోయింది. అప్పటికే పిడి కూడా కొంత వదులై ఉంది. “ఇంత దూరం నుంచి తెచ్చుకున్నారు, ఎవరి చేతికో ఇచ్చి పాడుచేసుకోకండి” అని భార్య హెచ్చరించింది. పట్టణంలోని సాన యంత్రం మీద పెట్టిస్తే వేడికి అంచు మెత్తబడుతుందని ఆయనకూ భయమే. చివరకు ఆదివారం సంతలో, తమ ఇంటి కొడవళ్లకు ఏళ్ల తరబడి పదును పెడుతున్న వృద్ధ కమ్మరి వద్దకే తీసుకువెళ్లారు.

“దాదా, ఇది బాగుపడుతుందా?” అని అడిగారు హిందీ, హల్బీ కలిపి.

కమ్మరి ఖుక్రీని ఒరలోంచి తీసి, వెన్ను మీద కాసేపు చూపు నిలిపాడు. గోటితో మీటి విన్నాడు. ఆకురాయితో వెన్నును ఒకసారి, అంచును ఒకసారి గీసి చూశాడు. “ఎక్కడిది, బాబూజీ?”

“నేపాల్‌ది.”

“లారీ కమాను పట్టీ” అన్నాడు కమ్మరి. తన ముందున్న గొడ్డళ్ల వైపు చేయి చూపి, “ఇవీ అవే” అన్నాడు.

ఆ మాట ఆ విశ్రాంత ఉద్యోగికి మొదట కొంత నిరుత్సాహం కలిగించింది. హిమాలయాల ఇనుముతో చేసినదన్న భావంతో ఆయన ఇన్నాళ్లూ దానిని చూసుకున్నారు. కాని కమ్మరి చెప్పినది నిజమే. నేటి నేపాల్‌లో పనితనం గల ఖుక్రీలు అధిక భాగం పాత వాహనాల కమాను పట్టీల నుండే తయారవుతున్నాయి. బరువుకు వంగి మళ్లీ నిటారుగా నిలిచే ఆ ఉక్కులో కర్బనం తగుపాళ్లలో ఉంటుంది. కాల్చి చల్లార్చితే గట్టిపడుతుంది. అక్కడి కమ్మరులైన కామీలు ఎర్రగా కాగిన అలుగును నీటిలో పూర్తిగా ముంచక, కూజా నుండి సన్నని ధారగా అంచు వెంబడి మాత్రమే నీరు పోస్తారు. అందువల్ల అంచు గట్టిగాను, వెన్ను దెబ్బను ఓర్చుకొనేటట్లు మెత్తగాను నిలుస్తాయి. బస్తరు కమ్మరి ఆకురాయి గీసి పరీక్షించినది ఆ తేడానే. నేపాల్‌ను అతడు ఎన్నడూ చూడలేదు. ఆ పనిని మాత్రం గుర్తుపట్టాడు.

ఇనుప పని మన ప్రాంతాలకు పరాయి విద్య కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవారు. ఓరుగల్లు పతనానంతరం అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి బస్తరు రాజ్యాన్ని నెలకొల్పాడని ఇక్కడి రాజవంశపు సంప్రదాయం. తెలుగు నేలకు, ఈ అడవులకు మధ్య బంధం అంత పాతది. మధ్య భారతంలో మట్టి కొలుములలో రాతిని కరిగించి ఇనుము తీసే అగరియాల గురించి వెరియర్ ఎల్విన్ 1942లో ప్రత్యేక గ్రంథమే ప్రకటించాడు. కొలుములపై విధించిన పన్ను, బొగ్గుకు కలప కొట్టరాదన్న అటవీ నిబంధనలు, చౌకగా వచ్చిపడిన కర్మాగారపు ఇనుము ఆ విద్యను ఏ విధంగా కుంగదీశాయో అందులో కనిపిస్తుంది. రాతి నుండి ఇనుము తీసే విద్య అంతరించిపోగా, ఇనుము నుండి పనిముట్టు చేసే విద్య మాత్రం సంతలో మిగిలింది.

ఇనుము లేక అంతరించినది కాదు ఆ విద్య. ఎద్దు మూపురాన్ని పోలి ఉండటం వల్ల బైలదిల అని పేరు వచ్చిన కొండలు జగదల్‌పూర్‌కు నైరుతి దిక్కున ఉన్నాయి. వాటి ఖనిజంలో ఇనుము పాలు 60 శాతానికి మించి ఉంటుంది. 1968లో అక్కడ భారీ తవ్వకాలు మొదలయ్యాయి. ఆ ఖనిజం కోసమే తూర్పు కనుమల గుండా అరకు, కొరాపుట్, జగదల్‌పూర్‌ల మీదుగా సుమారు 445 కిలోమీటర్ల కొత్తవలస-కిరండూల్ రైలు మార్గాన్ని నిర్మించారు. బైలదిల రాయి విశాఖపట్నం రేవు చేరి, ఓడలెక్కి జపానుకు వెళ్లింది. ఖుక్రీ తెచ్చిన ఆ వృద్ధుడు ఈ మార్గంలోనే మూడు దశాబ్దాలకు పైగా పనిచేశారు. ఎర్రటి ధూళితో దిగివచ్చే ఖనిజపు బళ్లకు పచ్చజెండా చూపడం ఆయన దినచర్య. తాను దారి చూపి పంపిన ఇనుము ఏమైనదో ఆయన ఎన్నడూ ఆలోచించవలసిన అవసరం రాలేదు.

కమ్మరి తన ఇనుము సంగతి చెప్పుకొచ్చాడు. అతని కొడుకు పట్టణంలోని ఒక లారీ మరమ్మతు షెడ్డులో పనిచేస్తాడు. విరిగిన కమాను పట్టీలను తూకానికి కొని తండ్రికి పంపుతాడు. కొడుకు కొలిమి ముందు కూర్చోడు. కూర్చుంటే రోజుకు రెండు గొడ్డళ్లు. షెడ్డులో అయితే నెల తిరగగానే జీతం. అన్న కుమారుడు మాత్రం ఇనుప బొమ్మల పనిలోకి మళ్లాడు. రేకును సాగగొట్టి లేళ్లు, దీపపు స్తంభాలు, డోలు వాయించేవారి బొమ్మలు చేస్తాడు. వాటిని ఢిల్లీ ప్రదర్శనలకు తీసుకువెళతారు. బస్తరు ఇనుప కళకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా లభించింది.

ఆ గుర్తింపు న్యాయమైనదే. ఆ బొమ్మలు అందమైనవి. అనేక కుటుంబాలకు అన్నం పెడుతున్నవి. అయితే ఒక విషయం ఆలోచించదగినది. గోడకు తగిలించే లేడికి బహుమతులున్నాయి, ధ్రువపత్రాలున్నాయి, రవాణా ఖర్చులున్నాయి. కర్ర కొట్టే గొడ్డలికి అవేవీ లేవు. లేడి బొమ్మకు ఉక్కు చల్లార్చే విద్యతో పనిలేదు. ఆ బొమ్మ ఎన్నడూ దెబ్బ తినదు. అంచు ఎంత ఎర్రబడగానే నీరు పోయాలో, ఏ రంగు దిగినప్పుడు ఆపాలో తెలిసిన కన్ను ఒక తరం పనిలేక ఊరకుంటే, ఆ తెలివిని ఏ ప్రదర్శనశాలా తిరిగి తేలేదు. 1972లో జగదల్‌పూర్‌లో వెలసిన మానవశాస్త్ర ప్రదర్శనశాల ఈ ప్రాంతపు పనిముట్లను అద్దాల వెనుక శ్రద్ధగా భద్రపరచింది. వాటిని చేసే చెయ్యి మాత్రం సంతలో గోనెపట్టా మీద ఉంది.

ఖుక్రీ విషయంలోనూ ఇంతే. దాని కీర్తి ప్రపంచమంతటా వ్యాపించింది. దానిని చేసే కామీలను మాత్రం 1854 నాటి నేపాల్ శాసనస్మృతి అంటరానివారి వరుసలో నిలిపింది. 1963లో వచ్చిన కొత్త శాసనం ఆ వివక్షకు చట్టబలం తీసివేసింది. వారి చేతి కత్తిని పూజగదిలో పెట్టినవారు వారి చేతి నీటిని తాగలేదు. పనిముట్టును గౌరవించడం ఒకటి, పనివానిని గౌరవించడం మరొకటి అనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

ఈ రెండు గౌరవాలనూ ఒకచోట చేర్చే సందర్భం బస్తరులో ఒకటుంది. 75 రోజుల పాటు సాగే ఇక్కడి దసరా ఉత్సవం శ్రావణ అమావాస్య నాడు, అంటే హరేలీ నాడు, ఒక దుంగకు చేసే పూజతో ఆరంభమవుతుంది. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ఆనాడే నాగళ్లను, పారలను, గొడ్డళ్లను కడిగి కొలుస్తారు. కమ్మరి ఇంటింటికీ వెళ్లి గడపకు మేకు కొడతాడు. దంతేశ్వరీ దేవి ఛత్రాన్ని ఊరేగించే రథాన్ని ఒక ఏడు నాలుగు చక్రాలతో, మరుసటి ఏడు ఎనిమిది చక్రాలతో నిర్మిస్తారు. ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ గ్రామాల కమ్మరులు, వడ్రంగులు వంశపారంపర్యంగా ఆ పని చేస్తున్నారు. యంత్రాల జోలికి పోక, తమ చేతి పనిముట్లతోనే చేస్తారు. రథం ఏటేటా తయారు కావలసి ఉన్నందువల్లనే ఆ విద్య ఏటేటా బతుకుతున్నది.

2023 అక్టోబరులో జగదల్‌పూర్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని నగర్‌నార్ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. సంవత్సరానికి 30 లక్షల టన్నుల సామర్థ్యం గల కర్మాగారమది. బైలదిల ఇనుము బస్తరు నేల మీదనే ఉక్కుగా మారే రోజు చివరకు వచ్చింది. అక్కడి నుండి వెలువడే చుట్టల వెడల్పు పెద్ద పరిశ్రమల కొలతలకు తగినది. కొలిమి ముందు కూర్చున్నవాడు అడిగేది రెండు మూరల పట్టీ. ఆ రెండు మూరలు న్యాయమైన ధరకు అతనికి చేరే మార్గాన్ని ఏర్పరచడం పెద్ద వ్యయంతో కూడిన పని కాదు. విరిగిన లారీ కోసం అతడు ఎదురుచూడవలసిన స్థితి తప్పుతుంది. బొమ్మలకు తెరిచిన తలుపును పనిముట్లకు కూడా తెరవడం సంస్కృతిని కాపాడే కార్యంలో భాగమే.

మరుసటి ఆదివారం ఖుక్రీ సిద్ధంగా ఉంది. కమ్మరి దానిని కొలిమిలో పెట్టలేదు. పెడితే కామీ చేసిన నీటిపని చెరిగిపోతుందని అతనికి తెలుసు. మేకు కొట్టిన గంటు మాయమయ్యేదాకా అంచు పొడవునా ఆకురాయితో నిదానంగా అరగదీసి, రాతి మీద నూరాడు. లోపలి వంపు కొద్దిగా తగ్గింది, కత్తి సన్నబడింది. వదులైన పిడిలోని పాత లక్కను తీసి, అదే సంతలో రెండు వరుసల అవతల కొన్న లక్కను కాచి పోశాడు. కూలి ఎంత అంటే రెండు కొడవళ్లకు ఇచ్చేదే ఇమ్మన్నాడు.

ఆయన డబ్బు ఇచ్చి, పట్టా మీద ఉన్న గొడ్డలిని కూడా ఒకటి ఎత్తి బరువు చూశారు. ఇంట్లో గొడ్డలి ఉన్నది. అయినా కొన్నారు. గోడకా, చేతికా అని ఈ వరుసలో ఎవరూ అడగరు. కమ్మరి ఖుక్రీని వెన్ను వైపు పట్టుకొని జాగ్రత్తగా ఒరలోకి దింపి, అందించాడు.

“ఈసారి కొట్టే ముందు గుంజలో మేకు ఉందేమో చూసుకోండి, బాబూజీ” అన్నాడు.